వేడినీళ్లకు ఏ వైరు? ఏ ఎం.సి.బి.?

(చలికాలం మొదట్లో, మహిళా సంఘం సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం)

 

పొదుపు లెక్కలు అయిపోయాయి. పొద్దు గూకుతోంది. ఇంటికాడ మీకు పని ఉంటుంది. నాకు తెలుసు. అయినా ఒక్క అరగంట కూర్చోండి. ఈ నెల మన సంఘంలో ముగ్గురు గీజరు కోసం అప్పు అడిగారు. ఇద్దరు నీళ్లు కాగబెట్టే రాడ్డు కొన్నారు. అప్పు చేతికి రాకముందే నాలుగు మాటలు చెప్పాలని నేనే అడిగాను.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. మా ఆయన ఇళ్లకు కరెంటు వైరింగు చేస్తాడు. మొదట నిచ్చెన పట్టుకోవడానికి ఆయన వెంట పోయాను. పోగా పోగా పని చేతికి వచ్చింది. రాత్రి బడిలో అక్షరాలు, అంకెలు నేర్చుకున్నాక ఆ పని బుర్రకు కూడా ఎక్కింది. అంతకు ముందు నాకు అన్ని వైర్లూ ఒకటే. ఎరుపుది, నలుపుది, పచ్చది. అంతే.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు. అక్కడి చలి మీకు తెలియంది కాదు. డిసెంబరులో ఒక్కో రాత్రి పది డిగ్రీల కంటే కిందికి పోతుంది. 2004 డిసెంబరులో మా పెద్దోడు పుట్టాడు. నేను పుట్టింట్లోనే ఉన్నాను. పిల్లాడికి పన్నెండో రోజు. అప్పుడే పత్తి ఏరి ఇంటికి తెచ్చారు. ధర పెరుగుతుందేమోనని మా బాపు అమ్మకుండా ఆగాడు. ముందు గదిలో నడుమెత్తు దాకా పత్తి పోసి ఉంది.

బాలింతకు వేడినీళ్లు కావాలి. పసిగుడ్డుకు కావాలి. పొద్దున్నే కట్టెలు నిమ్మెక్కి అంటుకునేవి కావు. అమ్మ కళ్లు పొగకు ఎర్రబడేవి. అది చూడలేక మా అన్న 1500 వాట్ల రాడ్డు కొని తెచ్చాడు. దాంతో పాటు కరెంటు పొయ్యి కూడా తెచ్చాడు. లోపల చుట్టలు ఎర్రగా కాలుతాయి చూడండి, అలాంటిది. అది 2000 వాట్లు. రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించాడు. ఆ బోర్డు ఒక బల్బు కోసం, ఒక ఫ్యాను కోసం పెట్టింది. దానికి వచ్చే వైరు సన్నది. ఆ వైరు పత్తి ఉన్న గది దూలం మీదుగా వచ్చేది. మధ్యలో ఒక అతుకు. అతుకు మీద నల్ల టేపు.

మొదటి రోజు ఫ్యూజు పోయింది. అన్న మళ్లీ ఫ్యూజు తీగ కట్టాడు. రెండో రోజూ పోయింది. మూడో రోజు అన్నకు విసుగొచ్చింది. మోటరు వైరులోంచి నాలుగు రాగి పోగులు పీకాడు. మెలిపెట్టి ఆ తెల్ల పింగాణీ ఫ్యూజులో చుట్టాడు. “ఇగ పోదు చూడు” అన్నాడు.

నిజమే. పోలేదు.

నాలుగో రోజు తెల్లారగట్ల అమ్మకు గుడ్డ కాలిన వాసన వచ్చింది. పొయ్యి దగ్గర చూసింది. ఏమీ లేదు. తలెత్తి చూస్తే దూలం మీద అతుకు దగ్గర నిప్పు రవ్వలు. కింద పత్తి. నేను పిల్లాణ్ని పొట్టకు అదుముకుని ఎట్లా బయటపడ్డానో నాకే తెలియదు. ఒంటి మీద చద్దరు కూడా లేదు. అన్న బిందెతో ఉరికి వచ్చాడు. పక్కింటి చిన్నాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు మీటరు దగ్గర మెయిన్ దించాడు. ఆ తర్వాతే నీళ్లు పోయనిచ్చాడు. ఆ మనిషి లేకపోతే ఆ పూట పత్తితో పాటు అన్న కూడా పోయేవాడు.

సగం పత్తి కాలింది. మిగిలింది తడిసి పొగవాసన పట్టింది. వ్యాపారి ముట్టుకోలేదు. ఆ పత్తి మీద తీర్చాల్సిన అప్పు మూడేళ్లు నడిచింది. బాపు అన్నను ఒక్క మాట అనలేదు. అదే అన్నకు ఎక్కువ బాధ.

నేను కూడా అన్నను తప్పుపట్టను. ఊళ్లో అందరూ చేసే పనే ఆయన చేశాడు. రెండు రోజులు ఫ్యూజు “వద్దు, వద్దు” అని చెప్పింది. దాని మాట మాకెవరికీ తెలియలేదు.

ఇదిగో, ఆ వైరు ముక్క. దాచుకున్నాను. ఒకరి నుంచి ఒకరు తీసుకుని చూడండి. పైతొడుగు ఎట్లా నల్లగా పెంకు కట్టిందో చూశారా? లోపలి రాగి రంగు కూడా పోయింది.

ఇప్పుడు ఎందుకు కాలిందో చూద్దాం. తీగలో కరెంటు పోతుంటే తీగ వేడెక్కుతుంది. ఎంతో కొంత ఎక్కి తీరుతుంది. రాడ్డులో నీళ్లు కాగేది ఆ వేడితోనే. రాడ్డులో మనకు వేడి కావాలి. గోడలో వైరుకు వేడి అక్కర్లేదు. కానీ రాడ్డులో పోయే కరెంటే గోడలో వైరులోంచి కూడా పోతుంది. వైరు లావుగా ఉంటే గోరువెచ్చగా కూడా కాదు. సన్నగా ఉంటే సలసల కాలుతుంది. ఇంకో మాట గుర్తుంచుకోండి. ఒకే వైరులో రెండింతల కరెంటు పోతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే “కొంచెం ఎక్కువైతే ఏమైతది” అనే మాట ఇక్కడ పనికిరాదు.

కరెంటు ఎంత పోతుందో ఎట్లా తెలుస్తుంది? దానికి మనం నేర్చుకున్న అంకెలు చాలు.

రాడ్డు మీదో, గీజరు కింద రేకు మీదో ఒక అంకె ఉంటుంది. 1000, 1500, 2000, 3000. దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. రెండు లోయలు పక్కపక్కన ఉన్నట్టు, పైకీ కిందికీ గీతలు. అది డబ్ల్యు. అంటే వాట్లు. ఆ వాట్లను 230తో భాగిస్తే ఎంత కరెంటు పోతుందో వస్తుంది. 230 మన ఇళ్లకు వచ్చే కరెంటు ఒత్తిడి, వోల్టులు. వచ్చిన లెక్క ఆంపులు. భాగహారం ఇంకా రానివాళ్లు ఇట్లా పట్టుకోండి. ప్రతి వెయ్యి వాట్లకు నాలుగున్నర ఆంపులు. కొంచెం ఎక్కువే వస్తుంది, నష్టం లేదు. వెయ్యికి నాలుగున్నర. రెండు వేలకు తొమ్మిది. మూడు వేలకు పదమూడున్నర.

మా ఇంట్లో ఆ రోజు ఎంత? రాడ్డు 1500, పొయ్యి 2000. మొత్తం 3500. అంటే 15 ఆంపులు దాటింది. ఆ సన్న వైరు మోసేది సుమారు 11. వేడి మాత్రం మోయగలిగిన దానికి దాదాపు రెండింతలు. అతుకు దగ్గర ఇంకా ఎక్కువ. ఎందుకంటే వదులు అతుకు ఎప్పుడూ మిగతా వైరు కంటే ముందు కాలుతుంది.

ఇక వైరు సంగతి. దుకాణంలో “ఒకటి వైరు, ఒకటిన్నర వైరు, రెండున్నర వైరు, నాలుగు వైరు” అంటారు. వైరును అడ్డంగా కోస్తే లోపల రాగి ముఖం కనిపిస్తుంది కదా. ఆ ముఖం ఎంత వైశాల్యమో ఆ అంకె చెబుతుంది. గదిని చదరపు అడుగుల్లో కొలిచినట్టు, దీన్ని చదరపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. అంకె పెరిగితే లావు పెరుగుతుంది. వైరు తొడుగు మీద కూడా ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. చిన్న అక్షరాలు. వెలుతురులో తిప్పి చూడండి.

గోడ పైపులో వేసిన రాగి వైరు అయితే, ఒకటి వైరు సుమారు 11 ఆంపులు మోస్తుంది. ఒకటిన్నర 14. రెండున్నర 18. నాలుగు 24. కంపెనీని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ. అల్యూమినియం వైరు అయితే అదే లావుకు తక్కువ మోస్తుంది. దాని బిగింపులు కూడా తొందరగా వదులవుతాయి. పాత ఇళ్లలో అదే ఉంటుంది. అలాంటి ఇంట్లో గీజరు పెట్టాలంటే బోర్డు నుంచి గీజరు దాకా కొత్త రాగి లైను వేరుగా లాగించాలి. మధ్యలో అతుకు ఉండొద్దు. ఇందులో పైసలు మిగుల్చుకోవాలని చూడొద్దు.

ఇప్పుడు ఎం.సి.బి. వెనకటి ఫ్యూజు చేసే పనే ఇది చేస్తుంది. కరెంటు ఎక్కువైతే దాని మీట దానంతట అదే కింద పడుతుంది. దాని మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం సగం విరిగిన గాజులా ఉంటుంది. అది ‘సి’. పక్కన 6, 10, 16, 20, 32. ఆ అంకే ఆంపులు.

ఎం.సి.బి. ఎవరికి కాపలా? చెప్పండి చూద్దాం.

ఆ వెనక చెల్లె “గీజరుకు” అంది. చాలామంది అదే అనుకుంటారు. కాదు. అది వైరుకు కాపలా. గోడలో కనిపించకుండా ఉన్న వైరు కాలకుండా చూడడం దాని పని. అందుకని ఎం.సి.బి. అంకె వైరు మోసే దానికంటే తక్కువ ఉండాలి. వస్తువు తీసుకునే దానికంటే ఎక్కువ ఉండాలి. వస్తువు కింద, వైరు పైన, ఎం.సి.బి. నడుమ. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాది దుకాణంలో బేరమే.

రెండు వేల వాట్ల గీజరు తీసుకుందాం. అది తీసుకునేది 9 ఆంపులు. వైరు రెండున్నర వేయండి, 18 మోస్తుంది. నడుమ 16 ఆంపుల ఎం.సి.బి. సరిపోయింది. మూడు వేల వాట్లది, అప్పటికప్పుడు నీళ్లు కాగే చిన్న గీజరు ఉంటుంది. అది 13 తీసుకుంటుంది. దానికీ రెండున్నర, 16 నడుస్తాయి. బోర్డు నుంచి స్నానాల గది దూరం ఉంటే నాలుగు వైరు లాగించండి, 20 పెట్టండి. దూరం పెరిగేకొద్దీ సన్న వైరులో కరెంటు ఒత్తిడి పడిపోతుంది. లైట్ల లైనుకు ఒకటి వైరు వేస్తే 6 ఆంపులది పెట్టాలి. ఒకటిన్నరకు 10.

రాడ్డు సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. అది చేతిలో పట్టుకునే వస్తువు కాబట్టి ఏ ప్లగ్గు దొరికితే ఆ ప్లగ్గులో పెడతాం. చిన్న ప్లగ్గు 6 ఆంపులది. దానికి వెయ్యి వాట్ల రాడ్డు దాకా సరే. 1500 వాట్లది ఆరున్నర తీసుకుంటుంది. చిన్న ప్లగ్గు దాటిపోయింది. దానికి 16 ఆంపుల పెద్ద ప్లగ్గు, దాని వెనక రెండున్నర వైరు కావాలి. పిన్ను దూరడం లేదని వైర్ల కొసలు చెక్కి, అగ్గిపుల్లలతో బిగించే వాళ్లను నేను కళ్లారా చూశాను. మీరూ చూసే ఉంటారు. టీవీ పక్కన పెట్టుకునే పొడుగు వైరు డబ్బాకు రాడ్డు తగిలించొద్దు. దాని లోపలి వైరు వెంట్రుకంత ఉంటుంది.

ఇప్పుడు అసలు పేచీ. ఎం.సి.బి. రోజూ పడిపోతోంది. ఏం చేస్తాం? “పెద్దది వేయించు” అంటాడు ఇంట్లో ఒకరు. “32 పెడితే ఇగ పడదు” అంటాడు ఇంకొకరు. మా అన్న రాగి పోగులు చుట్టాడే, ఇదీ అదే పని. కాకపోతే కొత్త డబ్బాలో.

లెక్క చూడండి. ఎం.సి.బి. అంకె దాటగానే ఠక్కున పడదు. కట్టుబాటు ప్రకారం 16 ఆంపులది 18 ఆంపులు పోతున్నా గంట దాకా పడదు. 23 దాటితే మాత్రం గంటలోపల పడి తీరాలి. 32 ఆంపులది అయితే 36 పోతున్నా గంట దాకా పడదు. మీ రెండున్నర వైరు మోసేది 18. అంటే రెండింతల కరెంటు. వేడి ఎన్నింతలు? ఆ, నాలుగింతలు. గంటసేపు. గోడలో. పైన ఎం.సి.బి. హాయిగా నిలబడి ఉంటుంది.

కాబట్టి పడిందంటే ముందు ఏమేమి నడుస్తున్నాయో చూడండి. గీజరు, ఇస్త్రీ పెట్టె, కరెంటు పొయ్యి ఒకే లైను మీద ఉన్నాయేమో. ఒకటి ఆపి చూడండి. ఏమీ నడవకపోయినా పడుతుంటే వైరో, వస్తువో లోపల చెడింది. అప్పుడు మళ్లీ మళ్లీ ఎత్తొద్దు. పనివాణ్ని పిలవండి.

పెద్దది పెట్టాలనే ఉంటే ముందు వైరు మార్చాలి. తర్వాతే ఎం.సి.బి. వరస తప్పొద్దు. పనివాడు “నీకేం తెల్సమ్మా” అనొచ్చు. అననివ్వండి. “ఈ వైరు మీద ఏ అంకె ఉంది?” అని ఒక్క మాట అడగండి. తొడుగు మీద చదివి చూపించమనండి. మీరూ చదవండి. నన్ను కూడా మొదట్లో అట్లాగే అన్నారు. ఇప్పుడు పిలిచి అడుగుతున్నారు.

ముందు వరసలో పెద్దమ్మ ఒక మంచి మాట అడిగింది. “ఎం.సి.బి. ఉంటే షాక్ కొట్టదా బిడ్డా?” అని. కొడుతుంది పెద్దమ్మా. ఎం.సి.బి.కి మనిషి సంగతి తెలియదు. మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపు కూడా అక్కర్లేదు. అందులో పిసరంత చాలు. 16 దాకా చూసీ చూడనట్టు ఉండే దానికి ఆ పిసరు కనపడదు. మనిషి కోసం వేరే పరికరం ఉంది. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. 30 మిల్లీ ఆంపులది అడగాలి. అంటే ఒక ఆంపును వెయ్యి భాగాలు చేస్తే అందులో ముప్పై భాగాలు. అంత కరెంటు దారి తప్పి మనిషిలోంచో, తడి గోడలోంచో పోయినా అది రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద చిన్న బొత్తాం ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కగానే పడిపోతే మంచిదే. పడకపోతే మార్పించాలి. ఇది ఉంది కదా అని ఎం.సి.బి. మానేయడం, ఎం.సి.బి. ఉంది కదా అని ఇది మానేయడం, రెండూ తప్పే.

ఇది ఖర్చుతో కూడిందే. ఒప్పుకుంటాను. అందుకే గీజరు అప్పులో దీని ఖర్చు, వైరు ఖర్చు కూడా కలిపి రాయాలని మన సంఘాన్ని అడుగుతున్నాను. గీజరు బిల్లు ఒక్కటే చూసి అప్పు ఇస్తే మిగతాది నాసిరకం కొంటారు.

పచ్చ వైరు, ఎర్తు వైరు. ప్లగ్గులో పైనున్న పెద్ద పిన్నుకు కలిసేది అదే. దాన్ని కోసి పారేయొద్దు. ఇంటి వెనక ఎర్తు గుంత ఎండిపోతే నీళ్లు పోయండి.

రాడ్డు వాడేవాళ్లు చెవిన వేసుకోండి. ముందు నీళ్లలో ముంచాలి, తర్వాత స్విచ్చి వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి, ప్లగ్గు పీకాలి, అప్పుడే బకెట్టు ముట్టుకోవాలి. నీళ్లు కాగాయా అని రాడ్డు నడుస్తుండగా వేలు పెట్టొద్దు. మన చెయ్యి తిన్నగా పోయేది అక్కడికే, నాకు తెలుసు. ఇనుప బకెట్టు వద్దు. ప్లాస్టిక్ బకెట్టు అయితే రాడ్డు అంచుకు, అడుగుకు తగలకూడదు. పదిహేను లీటర్ల బకెట్టుకు 1500 వాట్ల రాడ్డు పావుగంట చాలు. స్విచ్చి వేసి పేడ ఎత్తడానికి పోవద్దు. పిల్లలు పాకే ఇంట్లో అసలే వద్దు.

రాడ్డు కొన్నా, వైరు కొన్నా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. గీజరు పెట్టేముందు మీ మీటరు ఎన్ని కిలోవాట్లకు రాసి ఉందో చూడండి. వెయ్యి వాట్లు ఒక కిలోవాటు. ఒక కిలోవాటు రాసి ఉన్న ఇంట్లో రెండు కిలోవాట్ల గీజరు పెడితే కుదరదు. కరెంటు ఆఫీసులో చెప్పి లోడు పెంచుకోవాలి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు కూడా చూడమనాలి. అది కూడా వైరే కదా.

గోడ వైరు పని మాత్రం మనకు మనం చేసుకోవద్దు. లైసెన్సు ఉన్న పనివాడితో చేయించాలి. మన పని అంకెలు చదవడం, అడగడం.

ఏమిటి వదినె, చెయ్యి ఎత్తారు? మీ ఇంట్లో గీజరుకు 32 ఉందా? ఎప్పుడు పెట్టారు? పోయిన ఏడు మార్చారా? వైరు మార్చారా మరి? తెలియదా.

సరే. అయితే ఇంకేం చెప్పను. మీ ఇంటికే పోదాం. వైరు మీద అంకె చూద్దాం. రెండున్నర ఉంటే రేపే 16 పెట్టిస్తాం. అంతకన్నా సన్నది ఉంటే వైరు మార్చేదాకా గీజరు ఆపుదాం. కట్టెల పొయ్యి ఉంది కదా, నాలుగు రోజులు. ఎవరి దగ్గరైనా టార్చిలైటు ఉందా? మెయిన్ దించాక చీకటిగా ఉంటుంది. చేతులు తడి లేకుండా తుడుచుకోండి. చెప్పులు వేసుకోండి. పదండి.